అక్షరానికి ఎంత?

ఇంటిపేరు ముందు రాసుకోవడం తెలుగువాడి అలవాటు. విమాన టికెట్ ఫారంలో అది చివర రావాలట. అటుదిటు అయిందా, మనిషే మారిపోయినట్టు లెక్క! దిద్దమని ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ చివరికి మన గొంతే నొక్కుతారు. డబ్బు కోసుకునేటప్పుడు మాత్రం ఏ అక్షరమూ అడ్డురాదు. పైగా రద్దు చేసుకుని మళ్లీ కొనమని సలహా (అడక్కుండా ఉచితంగా ఇచ్చేది అదొక్కటే). నిజానికి విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కొన్న టికెట్‌లో పేరు తప్పు పడితే, 24 గంటల్లోపు చెప్పినవారికి పైసా తీసుకోకుండా సరిదిద్దాలన్నది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. ఏజెంటు యాప్‌లో కొన్నవారికి ఆ భరోసా లేదు. డబ్బు కట్టగానే టికెట్‌ను గుర్తింపు కార్డు పక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. ఆ 24 గంటల లెక్క బుకింగ్‌తోనే మొదలవుతుంది.