‘అతుకుల బొంత’కు టీకా తాత్పర్యం

మూలం: అది వట్టి అతుకుల బొంత!

అవతారిక: సంకీర్ణ ప్రభుత్వం ప్రమాణం చేసిన మర్నాడు ప్రతిపక్షం పలికే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. పలికేవారు మాత్రం ఎన్నికకోసారి మారుతుంటారు.

ప్రతిపదార్థం: అది = ఎదుటివారు కుట్టినది (తాము కుట్టినదైతే ‘ఇది’ అందురు); వట్టి = అంతకు మించి ఏమియు లేని; అతుకుల = అతికిన గుడ్డముక్కల యొక్క; బొంత = పాత గుడ్డలు పొరలుగా పేర్చి కుట్టిన కప్పడము. బొంతకాకి, బొంతజెముడు ఇక్కడ అన్వయింపవు.

టీక: తిట్టంతా ‘అతుకుల’ దగ్గరే అయిపోయింది. ఆపైన ‘బొంత’ అనడంతో వక్త తన వాదాన్ని తానే ఓడించుకున్నాడు. ఏలయన, అతుకు వేరు, బొంత వేరు. ముక్కను ముక్కతో అంచుల దగ్గర కలిపితే అతుకు. దానితో తయారయ్యేది పైపొర మాత్రమే. దాని కింద పాత చీరల మడతలో దూదో పరిచి, అడుగున మరో గుడ్డ వేసి, అన్ని పొరలనూ పట్టేలా ఈ కొస నుంచి ఆ కొసకు టాకాలు వేస్తేనే బొంత. టాకాలు సరిగా పడకపోతే లోపలి దూది ఒక మూలకు ఉండ చుట్టుకుపోతుంది. కనుక బొంత అన్నారంటే ముక్కలు కలిశాయనీ, పొరలు కదలడం లేదనీ, కప్పుకుంటే చలి ఆగుతుందనీ ఒప్పుకున్నట్టే. ఒప్పుకోవడం ఇష్టం లేకపోతే ‘పేలికల మూట’ అనవలసింది.

కలిసినందుకు ఒక్కో ముక్క చెల్లించే సుంకమూ తక్కువేం కాదు. అమెరికాలో ఇళ్లలో క్విల్టులు కుట్టేవారు ప్రతి అంచునా పావు అంగుళం కుట్టుకు వదులుతారు. ‘నైన్ ప్యాచ్’ నమూనాలో రెండున్నర అంగుళాల చదరాలు 9, వరుసకు మూడేసి. పక్కపక్కన పేరిస్తే వరుస ఏడున్నర అంగుళాలు. కుట్టి, చుట్టూ ఉన్న గళ్లతో కలిపాక పైకి కనిపించేది ఆరే. వైశాల్యంలో 56.25 చదరపు అంగుళాలు 36కు దిగాయి. మూడో వంతుకు పైగా గుడ్డ కుట్టు లోపలికి వెళ్లి మరుగున పడింది. వదలడానికి పిసినారితనం చూపిన ముక్కే ఉతుకులో మొదట పిగిలేది.

శంక: నిండు గుడ్డను చింపి, మళ్లీ కుట్టడం తెలివైన పనేనా? సమాధానం: పాత చీర అంతటా ఒకేలా అరగదు. ఒరిపిడి పడ్డ చోట పలచబడితే, తక్కిన చోట గట్టిగానే ఉంటుంది. కత్తెర ఆ గట్టిదాన్ని ఏరుతుంది. ఇది కొత్త ఊహ కాదు. వినయపిటకంలోని మహావగ్గంలో బుద్ధుడు మగధలోని మళ్లనూ వాటి గట్లనూ చూపి, భిక్షువుల చీవరాలను ఆ నమూనాలో కుదర్చగలవా అని ఆనందుణ్ని అడుగుతాడు. ముక్కలు చేసి కుట్టిన వస్త్రం మీద పరుల కన్ను పడదన్నది అక్కడ చెప్పిన గుణాల్లో ఒకటి. అతుకును గట్టుగా చూసిన చూపు అది. గట్టు లేని మడిలో నీరు నిలవదు కదా.

శంక: ఎన్ని చెప్పినా ఇది గతిలేనివారి పనే గదా? సమాధానం: మొదలు గతిలేకే, కాదనక్కర్లేదు. అలబామాలోని జీస్ బెండ్‌లో నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతోనూ బొంతలు కుట్టారు. అవి 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో గోడకెక్కాయి, 2006లో తపాలా బిళ్లల మీదికొచ్చాయి. గోడకెక్కాక వచ్చిన అందం కాదది. జేబు ఊడదీసిన చోట వెలవని నీలాన్ని వెలిసిన నీలంలో చూడగలిగిన కన్ను అంతకు ముందే ఉంది. లేమి గుడ్డనిచ్చింది, ఏ ముక్క పక్కన ఏది నప్పుతుందో లేమి చెప్పలేదు.

తాత్పర్యం: ‘వట్టి’ అనన్వితం. తక్కినది వ్యాజస్తుతి, వక్తకే తెలియకుండా కుదిరింది. ఇకపై ఏ కూటమినైనా ఈ మాటతో తిట్టబోయేవారు పావంగుళం ఎవరెవరు వదిలారో, టాకాలు అడుగు పొర దాకా దిగాయో లేదో ముందు చూసుకోవాలి. దిగకపోతే ఆ మాట బొంతకే అవమానం.