శ్రీరంగపట్నం వెళ్లకండి దొరా!

మహారాజశ్రీ గవర్నర్ జనరల్ చార్లెస్ కారన్‌వాలిస్ దొరవారి సముఖానికి,

దేవనహళ్ళి కోట పక్క వీధిలో కాపురముంటున్న తెలుగువాడు చేసుకునే మనవి. ఈ లేఖ 1791 మార్చి నెలాఖరుకే మీకు అందాల్సింది. ఆలస్యమైంది, మన్నించాలి. ఇప్పుడు మా ఊరి దగ్గర విమానాశ్రయం ఉంది, 2008 నుంచి నడుస్తోంది. పరాయిదేశాలవాళ్లు రోజూ దిగుతున్నారు. వాళ్లు వీసా చూపించి దిగుతారు, అంతే తేడా.

మార్చి 21న బెంగళూరు కోట పట్టారు. నైజాం గుర్రపు దళాన్ని కలుపుకుందామని ఉత్తరానికి బయల్దేరి, దారిలో మా ఊరికొచ్చారు. మా కోట లొంగిపోయింది. దాన్ని స్వాగతం అనుకున్నారేమో! ఇది మైసూరు ఏలిక టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు, మీరు పోదామనుకుంటున్న శ్రీరంగపట్నం ఆయన రాజధాని. ఫిరంగి ఎదురుగా నిలబడితే తలుపు తీయడం ఊరివాళ్ల లౌక్యమే తప్ప మీ మీద మోజు కాదు.

యుద్ధం చాలించడం ఎలాగో మీకు మేం చెప్పేదేముంది? 1781 అక్టోబరు 19న అమెరికాలోని యార్క్‌టౌన్‌లో లొంగిపోయింది మీరే కదా. ఒంట్లో బాగాలేదని కబురు పెట్టి, కత్తి అప్పగించడానికి ఓ'హారా దొరను పంపించారట. పాపం, ఆయనకు ఒంట్లో ఎలా ఉందో ఎవరూ అడగలేదు. ఐదు నెలలు తిరక్కుండా, 1782 ఫిబ్రవరి 27న, అమెరికాలో దండయాత్రలు ఇక చాలని మీ పార్లమెంటు తీర్మానించింది. అటు 234 ఓట్లు, ఇటు 215. పంతొమ్మిది ఓట్ల తేడాతో యుద్ధం ఆగుతుందని లోకానికి చూపించింది మీ దేశమే. 1784లో అదే పార్లమెంటు ఇంకో ముక్క కూడా చట్టంలో రాసింది: హిందూదేశంలో రాజ్యాలు జయించి విస్తరించడం మీ జాతి కోరికకూ గౌరవానికీ విరుద్ధమని. ఆ కాగితం మీ పెట్టెలో ఎక్కడో ఉంటుంది, ఒకసారి తీసి చూడండి.

తిరువాన్కూరు మా మిత్రరాజ్యం, 1789 డిసెంబరు 29న టిప్పు దాని మీద పడ్డాడు, ఊరుకోమంటారా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. టిప్పును వెనకేసుకొచ్చే పని మేం పెట్టుకోలేదు. ఆయన తండ్రి హైదరలీ కడప నవాబును పట్టుకుపోయి ఆ సీమను కలిపేసుకున్న సంగతి మావాళ్లు మరిచిపోలేదు. కానీ సరిగ్గా అదే డిసెంబరులో గోదావరి మొగలోని మా కోరంగి మీద సముద్రం పడింది. ఇరవై వేల మంది పోయారంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ వెనకే ఉత్తర సర్కారుల్లో కరువు మొదలై 1792 దాకా వదల్లేదు. ఆ సర్కారులకు ప్రభువులు మీ ఈస్టిండియా కంపెనీవారే. తిరువాన్కూరుకు ఇచ్చిన మాట గుర్తున్న వారికి, శిస్తు కట్టించుకుంటున్న ఊళ్లు గుర్తుండవద్దా? గింజలు వెళ్లాల్సింది కోరంగి వైపు. అవి దండు వెనక మైసూరు దారి పట్టాయి.

మీ మద్రాసు పటాలాల్లో మా తెలుగు కుర్రాళ్లు తక్కువేం లేరు. వాళ్ల మనసులో ఏముందో తెలియదని మాత్రం అనకండి. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిలను ఓడలెక్కి మద్రాసు వెళ్లి హైదరలీతో పోరాడమన్నారు. ఎక్కం అన్నారు. ఊరుకోకుండా అధికారుల మీద తుపాకులు ఎత్తారు, ప్రాణాలు పోయాయి. చంపడం తప్పే, మేం సమర్థించం. కానీ పరాయి ఊరి యుద్ధానికి రామన్న మాట తుపాకీతో చెబితేగాని మీ కచేరీలో వినపడదా?

ఇక ముందేం జరగబోతోందో చెబుతాను. ఇందుకు కాలజ్ఞానం అక్కర్లేదు, మీవాళ్లు రాసుకున్న చరిత్రలు చాలు. నైజాం గుర్రాలు వేలల్లో వచ్చి కలుస్తాయి, పోరాడేదానికన్నా మేసేది ఎక్కువ. మే 15న అరకెరె దగ్గర గెలుస్తారు కూడా. గెలిచాక తినడానికి గింజలుండవు. వానలు, మశూచి. ఫిరంగులు లాగే ఎద్దులు గుంపులుగా చస్తాయి. వారం గడిచేసరికి, ఇంత దూరం ఈడ్చుకొచ్చిన పెద్ద ఫిరంగులను మీ చేతులతో మీరే పేల్చి వెనక్కి తిరుగుతారు. మేలుకోటె దగ్గర మరాఠా దండు ఎదురై, దాని బజారులో అడిగిన ధర ఇచ్చి బియ్యం కొనుక్కుంటారు. వెనక్కి తిరగడం ఎలాగూ రాసిపెట్టి ఉంది. ఆ పనేదో ఎద్దులు బతికుండగానే చేయమంటున్నాం.

మళ్లీ ఏడాది వచ్చి అనుకున్నది సాధిస్తారు, కాదనను. సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, జామీనుగా టిప్పు కొడుకులిద్దరు. పసివాళ్లను పుచ్చుకున్న ఆ ఘట్టాన్ని మద్రాసులో మీ విగ్రహం పీఠం మీద చెక్కారు. అంత గొప్పగా చెప్పుకోదగ్గ పనేనా అది? దానితో శాంతి వచ్చిందా అంటే, 1799లో మీవాళ్లు మళ్లీ ఇదే పనిమీద రావాల్సొచ్చింది.

మరి మాకేం మిగిలింది? వాటా కింద కడప సీమ నైజాముకు దక్కింది. తన దగ్గర ఉంచిన కంపెనీ పటాలాల ఖర్చుకింద ఆయన దాన్ని 1800లో తిరిగి కంపెనీకే రాసిచ్చాడు, బళ్ళారి, అనంతపురం సీమలతో సహా. మీ దండులోనే మన్రో అని ఒక కుర్ర అధికారి ఉన్నాడు, చూడండి. అక్కడ శిస్తు వసూలుకు కలెక్టరుగా వచ్చేది అతనే. రైతు పేరు ఈ లావాదేవీల్లో ఎక్కడా కనపడదు, శిస్తు చిట్టాలో తప్ప.

కాబట్టి దొరవారు శ్రీరంగపట్నం దారి పట్టకుండా, ఇక్కణ్ణుంచే కనుమలు దిగి మద్రాసు చేరవలెను. తిరువాన్కూరు తగవు కూర్చుని మాట్లాడి తీర్చవలెను. సర్కారుల సిపాయిలకు జీతాలు ముట్టజెప్పి, వానలకు ముందే ఇళ్లకు పంపవలెను. పట్టుకొచ్చిన ఎద్దులను ఏ ఊరివి ఆ ఊరికి తోలించవలెను. నైజాం గుర్రాలను మాత్రం మా చేల మీదుగా తిప్పవద్దు.

చిత్తగించవలెను.

ఇట్లు,
దేవనహళ్ళి నుంచి ఒక తెలుగువాడు