పేరు చెప్పకపోతే మీ హక్కే

మొన్నామధ్య హైదరాబాద్‌లో ఓ విత్తన సంబరానికి పోయాను. ఏసీ హాలు. వేదిక మీద జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఓ పెద్దమ్మ. మెళ్ళో దండ, భుజాల మీద శాలువా, అది జారిపోకుండా పట్టుకున్న ఒక చెయ్యి. వెనక బ్యానరు మీద ఆమెకు ‘విత్తన మాత’ అని బిరుదు. ముందు బల్ల మీద ఆమె తెచ్చిన బుట్ట. పేడతో అలికి, జొన్నల్లో బూడిదా వేపాకూ కలిపి పోసి, మూతిని మట్టితో మెత్తేసిన బుట్ట అది. విత్తే రోజు దాకా తెరవరు. కెమెరాల వాళ్ళకు లోపల ఏముందో కావాలి కాబట్టి నిర్వాహకులు స్క్రూడ్రైవరుతో మూతి పగలగొట్టారు. ఫొటోలు బాగా వచ్చాయి.

ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి ముచ్చటపడి అడిగాడు.

“వెరైటీ పేరేంటమ్మా?”

“పచ్చజొన్న సారూ.”

“అది సరే. అందులో ఏ రకం?”

“మా అత్త ఇచ్చిన రకం.”

ఆయన గింజలు అరచేతిలో పోసుకుని అటూ ఇటూ కదిపి నిట్టూర్చాడు. “ఏకరూపత లేదమ్మా. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. చేనంతా ఒకేసారి కోతకొస్తుందా?”

“ఎందుకొస్తది సారూ? అన్నీ ఒక్కతీరుగుంటే, వాన ఎగ్గొట్టిన ఏడు అన్నీ ఒక్కపాలే ఎండుతయి గద.”

హాలంతా చప్పట్లు. అధికారి కూడా కొట్టాడు. కొట్టి, చేతిలోని కాగితం మీద ‘ఏకరూపత: లేదు’ అని రాసుకున్నాడు.

ఆయన్ని అని లాభం లేదు. చట్టం అలా ఉంది. ఆ చట్టాన్ని మాత్రం తేలిగ్గా తీసేయకండి. 2001లో మన పార్లమెంటు చేసిన మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం చాలా దేశాల రైతులు కలలో కూడా చూడనిది. అందులో 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, ఇరుగుపొరుగుతో మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. చట్టం రాకముందు ఎలా చేసుకునేవాడో అలాగే. కోడలు తన పుట్టింటి గిన్నెలో తాను వండుకోవచ్చని అత్తగారు స్టాంపు కాగితం మీద రాసిచ్చినట్టు.

షరతు ఒక్కటే. రిజిస్టరై రక్షణ పొందిన రకం విత్తనాన్ని రైతు బ్రాండు వేసి అమ్మకూడదు. బ్రాండంటే ఏమిటో కూడా చట్టమే విడమరిచింది: సంచిలోనో డబ్బాలోనో పోసి, ఇది ఫలానా రక్షిత రకమని తెలిసేలా చీటీ అంటించడం. అంటే అమ్ముకోవడం రైతు హక్కు, అమ్మేదేమిటో సంచి మీద రాయడం నేరం. మా నాయనమ్మ కాలంలో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికేవాళ్ళు కాదు. ‘మా ఇంటాయన’, ‘పిల్లల నాయన’ అని నెట్టుకొచ్చేవాళ్ళు. ఆ మర్యాద ఇళ్ళలో పోయినా విత్తనాల సంతలో చట్టబద్ధంగా బతికుంది. రైతు సిగ్గుపడుతూ సంచి మూతి విప్పి, ‘అదేనండీ... ఆ రకం’ అనాలి.

ఇదంతా నకిలీ విత్తనాలు అరికట్టడానికేనని కొందరు గట్టిగా వాదిస్తారు. నకిలీ విత్తనం బూడిద కలిపిన బుట్టలో దొరికిందని ఏ ఊళ్ళోనైనా విన్నారా? అది ఎప్పుడూ రంగుల ప్యాకెట్టులో, మీద బొమ్మతో, అడుగున లాట్ నంబరుతో సహా వస్తుంది.

అయితే మీ రకాన్ని మీరే రిజిస్టరు చేయించుకోండి, ఎవరు వద్దన్నారు అంటారు. నిజమే, వద్దనరు. రైతుకు రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు. పైగా ఏకరూపతలో దయ చూపిస్తారు. మిగతా రకాల్లో ఎన్ని తేడా మొక్కలు ఉండొచ్చో, రైతు రకంలో దానికి రెట్టింపు ఉండొచ్చు. వెనకబడిన కుర్రాడికి పాస్ మార్కులు తగ్గించినట్టన్నమాట. కరువును తట్టుకోవడానికని తరతరాలు కావాలని దాచుకున్న తేడాలు అక్కడ రెట్టింపు దాకా క్షమించదగిన తప్పులు. ఇన్నీ దాటితే వచ్చే రక్షణ ఎన్నాళ్ళు? పంటలకైతే మొత్తం పదిహేనేళ్ళు. అదీ మొదట ఆరేళ్ళకిచ్చి, ఆనక పొడిగించుకుంటే. ఆ పెద్దమ్మకు అత్త, ఆ అత్తకు వాళ్ళత్త ఇచ్చిన జొన్న అది. ఒక్క కోడలి కాపురానికైనా చాలని గడువు.

ఇక విత్తనం దాచుకుని విత్తుకునే ఆ హక్కు గట్టితనం ఎంతో గుజరాత్ ఆలుగడ్డ రైతుల్ని అడగాలి. 2019లో పెప్సికో కంపెనీ సాబర్‌కాంఠా జిల్లాలో నలుగురు చిన్న రైతుల మీద కోర్టుకెక్కింది. లేస్ చిప్స్‌కు వాడే ఎఫ్‌ఎల్ 2027 రకం తమ అనుమతి లేకుండా పండించారట. ఒక్కొక్కరి నుంచి అడిగిన పరిహారం కోటి రూపాయల పైమాటే. నాలుగెకరాల చేను పెళ్ళగించినా అంత దుంప రాదు! రైతు దుంప తెంచడం అనే మాట మన భాషలో ఎప్పట్నుంచో ఉంది గానీ, దాన్ని ఇంత అక్షరాలా ఎవరూ అమలు చేయలేదు. కంపెనీ రాజీకి దారి కూడా చూపింది లెండి: విత్తనం మా దగ్గరే కొనండి, పంట మాకే అమ్మండి. దేశమంతా గోలపెట్టాక మే నెలలో కేసులు వెనక్కి తీసుకుంది. రైతు హక్కుల కార్యకర్త కురుగంటి కవిత వేసిన పిటిషన్ మీద 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ఆ రద్దును కొట్టేసింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. చిప్సు దుంప రాకపోకలు కూడా ఆ జాబితాలో కలుపుకోవచ్చు.

ఈ గొడవలన్నీ ఎందుకు, పాత విత్తనాలు బ్యాంకుల్లో భద్రంగా ఉన్నాయిగా అని మా మిత్రుడొకాయన ధీమా. ఉన్నాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో లక్షకు పైగా నమూనాలు ఉన్నాయి. నార్వే మంచుకొండ కింద 2008 నుంచి స్వాల్‌బార్డ్ ఖజానా ఉంది. అది దండగ పని అనను. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తన బ్యాంకు చేజారినప్పుడు, 2015లో ఆ ఖజానాలోంచే విత్తనాలు వెనక్కి తెచ్చుకున్నారు. అయితే మైనస్ ఇరవై డిగ్రీల దగ్గర పడుకున్న జొన్నకు మృగశిరలో వాన తప్పిన సంగతి తెలియదు, కొత్త తెగులు ముఖం తెలియదు. ఏ ఏడు లోపలికి పోయిందో ఆ ఏటి జ్ఞానంతోనే నిద్రపోతుంటుంది. పటాన్‌చెరు దాటి అదే ముంబై రోడ్డు మీద ఇంకో గంటన్నర పోతే జహీరాబాద్ పల్లెల్లో ఇంకోరకం బ్యాంకులున్నాయి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవి. సోలెడు గింజలు తీసుకుంటే పంట చేతికొచ్చాక రెండు సోలలు ఇవ్వాలి. కేవైసీ లేదు, ఏకరూపత లేదు, కరెంటు పోతే జనరేటరు అక్కర్లేదు.

మా ఇంట్లోనూ ఒక జీన్ బ్యాంకు ఉందని ఒప్పుకోవాలి. ఓ పెళ్ళిలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చిన దేశవాళీ విత్తనాల పొట్లం. ‘వారసత్వాన్ని కాపాడండి’ అని దాని మీద బంగారు రంగు అక్షరాలు. రెండేళ్ళుగా ఫ్రిజ్‌లో ఆవకాయ జాడీ వెనక కాపాడుతున్నాం.

సంబరం ముగిశాక పెద్దమ్మ బుట్ట అడిగింది. అప్పటికే దానికి చీటీ అంటించి ప్రదర్శన రిజిస్టరులో ఎక్కించేశారట, వెనక్కి ఇవ్వాలంటే పై నుంచి ఉత్తరం కావాలట. “ఉండనియ్యిండ్రి, ఇంట్ల ఇంకో రెండున్నయి” అంది. బస్సు చార్జీలకు ఓ ఫారం నింపాలన్నారు. ఆమెకు రాయడం రాదని బల్ల దగ్గరి కుర్రాడే కలం అందుకున్నాడు. పేరు, ఊరు అడిగి రాశాడు. ‘వృత్తి’ అన్న గడి దగ్గర ఆమెను అడగలేదు. ‘గృహిణి’ అని రాసి, వేలిముద్ర కోసం ఇంకుప్యాడ్ ముందుకు జరిపాడు.