అప్‌డేటు ప్రభువులకు గమ్హరియా విన్నపం

మహారాజరాజశ్రీ బ్రౌజరు ప్రభువులవారి సముఖానికి, జంషెడ్‌పూర్ చెంతనే సరాయికేలా ఖర్సావా జిల్లాలో ఉన్న గమ్హరియా తెలుగు వాడుకరుల పక్షాన సమర్పించే విన్నపం ఏమనగా:

2008లో గూగుల్ క్రోమ్ వచ్చిన నాటి నుండి, బ్రౌజరు తన కొత్త కూర్పును వాడుకరిని అడగకుండానే తెరవెనుక దించుకొనే పద్ధతి క్రమంగా లోకరివాజైంది. భద్రతాలోపాన్ని దొంగలు వాడుకొనేలోగా పూడ్చడానికి ఇది మేలైన మార్గమేనని అర్జీదారులు ఒప్పుకుంటున్నారు. వారి గోడు వేరు: లోపాన్ని పూడ్చే మరమ్మతూ, ఎవరూ కోరని హంగూ ఒకే మూటలో వస్తున్నందున, కిరోసిన్ పోయాలంటే సబ్బుబిళ్ల కూడా కొనాల్సిందేనన్న రేషన్ డీలరు న్యాయం ఇక్కడా నడుస్తున్నది. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు, అంటే సరుకు వెంట ఉండవలసిన ఆన్‌లైను రవాణా పత్రం, పుడితేగాని కార్ఖానా గేటు దగ్గర లారీ కదలదు. సరిగ్గా ఆ వేళకే బ్రౌజరులో మీటల చోట్లు మారిపోతే, డ్రైవరు హారనుకు జవాబు చెప్పుకోవలసింది గుమాస్తాయే గాని ఏలినవారు కాదు. తెర మీద "ఇప్పుడు" అని ఒక మీట, "తర్వాత" అని ఒక మీట ఉంటాయి. "వద్దు" అన్నది ఉండదు.

అక్కర్లేనివారికి కొసరి కొసరి వడ్డించే ఈ చేతులే, ఆకలిగా కూర్చున్నవారి విస్తరిని లాగేయడం మరొక వింత. విండోస్ 7 మీద నడిచే చివరి క్రోమ్ 109వ కూర్పు. 2023 ఫిబ్రవరిలో 110 రాగానే ఆ పాత యంత్రాలకు పంక్తిలో చోటు పోయింది. అవే యంత్రాలకు ఫైర్‌ఫాక్స్ తన 115వ దీర్ఘకాలిక కూర్పుతో ఆ తర్వాత కూడా మరమ్మతులు పంపుతూ వచ్చింది గనుక, అది అసాధ్యమన్న సాకు నిలవదు.

ఇక గోప్యత సంగతి. కుకీ అనగా వెబ్‌సైటు వాడుకరి యంత్రంలో దాచిపెట్టే గుర్తుచీటీ. చూస్తున్న సైటుది కాక, మధ్యలో దూరిన ప్రకటనల సంస్థ పెట్టే చీటీని మూడో పక్షపు కుకీ అంటారు. దానిని రెండేళ్లలో తొలగిస్తామని 2020 జనవరిలో గూగుల్ మాట ఇచ్చి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ మాటనే తొలగించింది. చరిత్రను దాచుకోని క్రోమ్ ఇన్‌కాగ్నిటో పద్ధతి మీద 2020లో అమెరికాలో వేసిన దావా 2024లో రాజీకి వచ్చి, వందల కోట్ల రికార్డులను చెరిపివేయడానికి సంస్థ ఒప్పుకొన్నాకగాని, ఆ ముసుగు ఇంట్లోవారి కళ్లకే తప్ప ఏలినవారి కళ్లకు అడ్డు కాదన్న సంగతి చాలామందికి తెలియలేదు.

మన దేశంలోనైతే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, షరతు లేకుండా ఉండాలి. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువు కావాలి. నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకొనే వీలుండాలి. ఆ షెడ్యూలులో తెలుగూ ఉంది, గమ్హరియా ఇరుగుపొరుగుల సంతాలీ కూడా ఉంది.

కావున మరమ్మతు మూటనూ హంగుల మూటనూ విడదీసి, రెండో దాని పక్కన "వద్దు" అనే మీటను, ఆ రెండు భాషల్లోనూ చదవగలిగేటంత పెద్ద అక్షరాలతో ఏర్పాటు చేయించవలసిందిగా ప్రార్థన. చిత్తగించవలెను.