ఏసీ కంట్రోలర్ మొండికేస్తే: మల్టీమీటర్ ముట్టని వైద్యం

నాలుగో అంతస్తులో ఉక్కపోస్తోందని ఫోను వచ్చిందా? నేరం కంట్రోలర్‌దే. ఏహెచ్‌యూ గదిలోకి వెళ్లి ఫిల్టర్ మూసుకుపోయిందేమో, బ్లోయర్ బెల్టు తెగిందేమో, డ్రైన్ ట్రే నిండి ఫ్లోట్ స్విచ్ మిషను ఆపేసిందేమో చూడటం హెల్పర్ల పని. మీరు ఇంజినీరు. బీఎంఎస్ గదిలో మీకో కుర్చీ ఉంది, అక్కడ ఏసీ కూడా భేషుగ్గా పనిచేస్తోంది. కదలకుండా రోగం తేల్చండి.

ముందుగా తెర మీది అలారాలన్నీ చదవకుండా చెరిపేయాలి. ఎర్రగా కనబడితే మేనేజరుకు గాభరా. తర్వాత ప్యానెల్‌కు కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి. పనిచేస్తే మీ గొప్ప, చేయకపోతే కంట్రోలర్ కార్డు పోయినట్టు. ఏ తప్పు ఎప్పుడు, దేని వెనక వచ్చిందో చెప్పే ఆనవాళ్లు పోయాయి కనుక మిమ్మల్ని నిలదీసే వీలు ఎవరికీ ఉండదు. కరెంటు వచ్చాక కంప్రెసర్ మూడు నుంచి అయిదు నిమిషాలు కదలదు. లోపల గ్యాసు ఒత్తిళ్లు సర్దుకోవాలని కంట్రోలరే పట్టి ఉంచుతుంది. అంతసేపు జనం ఊరుకుంటారా? ఆ టైమరును సున్నా చేసేయండి. కంప్రెసర్ ధర మీ జీతంలోంచి కోయరు కదా.

ఇక సెన్సర్లు. చాదస్తపు మెకానిక్కులు మీటరు బయటికి తీసేది ఇక్కడే. గాలి, చల్లనీళ్ల ఉష్ణోగ్రత చూడటానికి విరివిగా వాడేది 10కే థర్మిస్టర్. 25 డిగ్రీల దగ్గర అది 10,000 ఓములు చూపిస్తుంది; వేడి పెరిగితే ఓములు తగ్గుతాయి, చల్లబడితే పెరుగుతాయి. తీగ తెగిందంటే ఓములకు అంతే ఉండదు, అంటే కంట్రోలర్ లెక్కలో అంతులేని చలి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం తెర మీద మైనస్ 40 లాంటి అంకె కనబడుతుంది. పాపం కంట్రోలర్ అది నమ్మి చల్లనీళ్ల వాల్వు మూసేస్తుంది, జనం ఉడికిపోతారు. తెగకుండా రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే కథ తిరగబడుతుంది: గది మండిపోతోందనుకుని వాల్వు బార్లా తెరుస్తుంది, జనం శాలువాలు తెచ్చుకుంటారు. టెర్మినల్ దగ్గర తీగలు విప్పి ఓములు కొలిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే కొలవకండి. రెండు నిమిషాల్లో తేలిన పనికి విలువెవరిస్తారు? ఆఫ్‌సెట్ అని ఒక గడి ఉంటుంది, అందులో 64 కొట్టండి. మైనస్ 40 కాస్తా 24 అవుతుంది. వాల్వు సంగతి ఎలా ఉన్నా, రిపోర్టు చల్లగా ఉంటుంది.

పాత సెన్సర్ తీసి కొత్తది వేయాల్సొస్తే రకం అడగొద్దు. 10కేలలోనే టైప్ 2, టైప్ 3 అని ఉన్నాయి. 25 దగ్గర రెండూ పదివేలే. సున్నా డిగ్రీలకు వచ్చేసరికి టైప్ 2 32 వేలు దాటుతుంది, టైప్ 3 30 వేల లోపే ఆగుతుంది. కంట్రోలర్‌లో ఒక రకం రాసి ఉండగా రెండోది తగిలిస్తే ఆఫీసు బల్ల మీద అంతా సవ్యంగానే ఉంటుంది. 7 డిగ్రీల నీళ్ల పైపు దగ్గరే డిగ్రీకి పైగా అబద్ధం చెబుతుంది. కనుక పరీక్ష ఎప్పుడూ బల్ల మీదే పెట్టండి.

కరెంటు విషయానికొస్తే, 24 వోల్టుల ఏసీ సరఫరాకు ప్లస్సూ మైనస్సూ లేవని బళ్లో చదువుకున్నాం. ఏ తీగ ఏ టెర్మినల్‌కైతేనేం? హాఫ్‌వేవ్ రకం కంట్రోలర్లు ఒక తీగను లోపల గ్రౌండుగా పెట్టుకుంటాయనీ, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండింటికి తిరగేసి ఇచ్చి వాటి కామన్‌లు కలిపితే షార్టవుతుందనీ మాన్యువల్‌లో రాస్తారు. ఫ్యూజు పోయిందా, ఇంకా పెద్దది వేయండి. ఈసారి తప్పెక్కడో వాసనే చెబుతుంది.

కంట్రోలర్లు మాట్లాడుకునే బ్యాక్‌నెట్ నెట్‌వర్కు తీగ ఒక కంట్రోలర్ నుంచి మరోదానికి వరసగా సాగాలనీ, 120 ఓముల రెసిస్టర్ రెండు కొసల్లోనే ఉండాలనీ అంటారు. మీరు జంక్షన్ బాక్సు నుంచి లైటు పాయింట్లు లాగినట్టు నలువైపులా లాగండి. రెసిస్టర్ మంచిదైతే ప్రతిచోటా ఒకటి ఉంటే మరీ మంచిది. అడ్రసులు 0 నుంచి 127 దాకా ఉన్నా, ఒక కంట్రోలర్ సెట్టింగులే కాపీ చేసి అన్నిటిలో దించేస్తే సాయంత్రానికి పని అయిపోతుంది. ఒకే నంబరున్న రెండూ కలిసి లైను మొత్తాన్ని ముంచుతాయి. నింద మాత్రం కేబుల్ కంపెనీ మీద పడుతుంది.

అన్నిటికన్నా గొప్ప మందు ఓవర్‌రైడ్. బ్యాక్‌నెట్‌లో ఒక అవుట్‌పుట్‌కు ఆజ్ఞలివ్వడానికి 16 మెట్లున్నాయి, అంకె చిన్నదైన కొద్దీ అధికారం పెద్దది. ఆపరేటర్ చేతి ఆజ్ఞది 8వ మెట్టు. షెడ్యూలూ ప్రోగ్రామూ మామూలుగా దానికి దిగువనే ఉంటాయి. 8లో ఆన్ అని రాసి, విడుదల చేయకుండా ఇంటికెళ్లిపోండి. సంక్రాంతి సెలవుల్లో ఖాళీ అంతస్తులో కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు పెట్టారో లాగ్ పుస్తకంలో ఎక్కించొద్దు, సాక్ష్యమవుతుంది. కొన్నాళ్లకు షెడ్యూలు పనిచేయట్లేదని ఇంకెవరో గోల పెడితే, ప్రోగ్రాము పాడైందని సంతకం పెట్టండి.

ఇన్ని చేసినా ఉక్కపోత తగ్గకపోతే కార్డు మార్చడమే దారి. మార్చే ముందు ప్రోగ్రాము బ్యాకప్ తీయకండి. కొత్తది రాయడానికి మా దగ్గర మనుషులున్నారు, గంటల లెక్కన బిల్లు వేస్తారు. కార్డు మార్చినా తెగిన సెన్సర్ తీగ తెగినట్టే ఉంటుంది కాబట్టి రెండో కార్డు కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి. అడ్వాన్సు ఆర్డరుతోపాటే కట్టాలి. ప్యాకెట్ విప్పిన కార్డు వాపసు తీసుకోము.