లేడీసు దిగాలి, ఆపండి!

రావులపాలెం బస్సులో ఈ కేక వినపడ్డప్పుడల్లా రాజమండ్రి దానవాయిపేటలో ఉండే ఓ రిటైరైన ఇంగ్లీషు మాస్టారికి ఒళ్ళు మండుతుంది. దిగేదేమో అరటిపళ్ళ సంచీతో ఒక్కగానొక్క ముసలమ్మ. ఆవిడొక్కర్తే లేడీసు. తోడుగా ఇంకొకావిడ దిగితే లేడీసులు. మందులషాపులో టాబ్లెట్సులు, పిల్లల కాళ్ళకి షూసులు, బడి మీటింగుకి పేరెంట్సులు, ఇవన్నీ ఆయన ఎలాగో దిగమింగుకున్నారు. మనవడి బడి నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజి మాత్రం కొన్ని రోజులుగా నిద్రపట్టనివ్వడం లేదు: "చిల్డ్రన్స్ అందరినీ తొమ్మిదింటికల్లా పంపగలరు."

"చిల్డ్రనే బహువచనం కదయ్యా, మళ్ళీ ఎస్సు దేనికి?" అని ఆయన గోల.

గోలలో న్యాయం సగమే. పాత ఇంగ్లీషులో చైల్డ్‌కి బహువచనం చిల్డ్రు. అది చాలదన్నట్టు తర్వాతి తరాలవాళ్ళు ఆక్సెన్‌లో ఉన్న తోకే తెచ్చి దీనికీ తగిలించారు. అంటే చిల్డ్రన్‌కి దొరలే రెండుసార్లు బహువచనం చేసేశారు. బడివాళ్ళు మూడోసారి చేశారు, అంతే.

ఫిష్ దగ్గరికొస్తే మాస్టారిని ఆపడం కష్టం. ఒకటైనా ఫిష్షే, గంపెడైనా ఫిష్షే. రకరకాల జాతుల్ని లెక్కపెట్టేటప్పుడు తప్ప ఫిషెస్ అనడం తక్కువ. దీనికి అసలు కారణం పులస అని ఆయన సిద్ధాంతం. సముద్రంలో పడితే విలస, వరదల్లో గోదారి ఎర్రనీటికి ఎదురీదితే అదే పులస. పేరుతోబాటు ధరా మారుతుంది. మట్టిదాకలో చింతపండు పులుసు మరగాలి, బెండకాయలు పడాలి, దింపేముందు వెన్న పడాలి, రాత్రంతా అలా వదిలేసి మర్నాడు తినాలి. పుస్తెలమ్మైనా తినాలంటారు గానీ, ఒక చేపకే పుస్తెలు పోతే రెండోది దేనితో కొంటాడు? అందుకే ఆ మాటకి బహువచనం అవసరం రాలేదట. ముళ్ళు మాత్రం బహువచనమే, అదీ మామూలు బహువచనం కాదు.

"వ్యాకరణం బానే ఉందండీ, చేపేదీ?" అంటారు మాస్టారి భార్య.

మన పెద్దవాళ్ళకి ఈ బాధ లేదు. దొరలు రైలు తెస్తే రైళ్ళు అన్నారు, కారు తెస్తే కార్లు అన్నారు, ఎస్సుని గుమ్మంలోనే ఆపేశారు. ఇప్పుడు హోటల్ మెనూ తీస్తే ఇడ్లీస్, దోసాస్! కాకినాడ కాజా కూడా కాజాస్ అయి కూర్చుంది.

మొన్న పుష్కరఘాట్ మెట్ల మీద మనవడు, "తాతయ్యా, నీళ్ళలో ఎన్ని రాయిలో!" అన్నాడు. వాడికి గోళ్ళు గోరులు, ఇళ్ళు ఇల్లులు. క్లాసులో చైల్డ్స్ అని రాస్తే ఎర్రసిరా పడుతుంది. ఇంట్లో రాయిలు అంటే ముద్దొస్తాడు, పక్కింటివాళ్ళకి చెప్పుకుని మరీ నవ్వుతారు. మనవాడికి రాళ్ళే రావు గానీ, ఇదే ఊళ్ళో కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర తెలుగు పట్టుబట్టి నేర్చుకుని, తోటి దొరలకోసం ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణమే రాశాడు. అది 1840లో అచ్చయింది.

ఉద్యోగమంతా ఊరి పిల్లలకి ఫుట్, ఫీట్ దిద్దడంతోనే సరిపోయింది మాస్టారికి. సొంత మనవడికి రాళ్ళు నేర్పడానికి ఇన్నాళ్ళకి తీరిక దొరికింది. వాడికే తీరిక లేదు. సాయంత్రం ట్యూషనుంది, ఇంగ్లీషు గ్రామరుకి.