ముందు కాలువ, తరవాతే రోడ్డు

మా ఊళ్లో ఇవి చెబితే తిక్క సలహాలంటున్నారు. అన్నా సరే, చెబుతాను.

గ్రామసభలో సీసీ రోడ్డు అడక్కండి. కాలువ అడగండి. "వచ్చే రోడ్డు వద్దంటావేంటి?" అని పక్కింటివాళ్లే కోప్పడతారు. పడనివ్వండి. మా వీధికి రోడ్డు మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోశారు. నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు అరుగెక్కడానికి నాలుగు మెట్లుండేవి, ఇప్పుడొకటే మిగిలింది. ఎదురింటి పిన్నిగారి గుమ్మమైతే రోడ్డుకి జానెడు కిందకి పోయింది. మొన్నటి వానకి ఆవిడ గడపకి అడ్డంగా తడి గోనెసంచులు కుక్కి, లోపలికొచ్చిన నీళ్లు సత్తుగిన్నెతో తెల్లవార్లూ తోడింది. ఆ రాత్రితో కొత్త రోడ్డంటే నాకు సంబరం పోయింది.

కాబట్టి పాత సిమెంటు తవ్వి తీసేదాకా కొత్తది పొయ్యనివ్వకండి. పని ఆగినా ఫర్వాలేదు.

రోడ్డు వేశాక ఓ బిందెడు నీళ్లు నడిమధ్యన కుమ్మరించండి. 3 మీటర్ల సిమెంటు రోడ్డుకి అంచులు నడుమ కంటే 3 సెంటీమీటర్లు దిగి ఉండాలి. నీళ్లు పక్కలకి జారకుండా నిలిస్తే, ఎం.బుక్‌లో కొలతలు ఎక్కకముందే ఏఈ గారిని పిలిచి చూపించండి.

రాజ్యాంగం 11వ షెడ్యూలులో రోడ్లనీ తూములనీ 13వ అంశం కింద కలిపే రాశారు. మనమే విడదీశాం. నిధుల్లేవంటే, 2021-26కి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన సొమ్ములో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టేసిందే. అందులో మురుక్కి ఎంత పెట్టారో లెక్క అడగండి.

ఇక అందరికీ కష్టమైన సలహా. మీ ఇంటి ముందు కాలువ మీద పోసుకున్న ర్యాంపు మీరే పగలగొట్టించండి. నాది తీయించాను. కింద మోచెయ్యి లోతు పూడిక, సబ్బు కవర్లు, కొబ్బరి పీచు, ఓ పిల్లాడి చెప్పు. పదేళ్లుగా పిన్నిగారింట్లోకి నీళ్లు తోసింది నా ర్యాంపే. ఇప్పుడు బండెక్కడానికి ఎత్తి పెట్టుకునే పలకలు వేయించాను.

పూడిక తొలకరికి ముందే, మే నెలలో తీయించండి. తీసిన బురద గట్టునే వదిలేస్తే మొదటి వానకే కాలువలోకి జారుతుంది. ట్రాక్టరొచ్చి ఎత్తుకెళ్లేదాకా కార్యదర్శి గారి దగ్గర్నుంచి కదలకండి.